గొలుసు మీద కాలు

ఇది వీరగాథ. నీళ్ళ కోసం, మట్టి కోసం, ఒక ఊరి కోసం ప్రాణాలకు తెగించి నిలబడిన జవాన్ల కథ. చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. చిన్నపిల్లలుంటే పక్క గదిలోకి పంపండి.

అని మొదలుపెడదామనే అనుకున్నాను. కానీ దీన్ని మా సుంకమ్మత్త చదువుతుంది. ఆ రోజు ఆమె అక్కడే ఉండింది. అబద్ధం రాస్తే ఇంటికొచ్చి అడుగుతుంది. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ఒక్క తూటా పేలలేదు. శత్రువు బురద. మా ఆయుధాలు ఒక గొలుసు, నాలుగు తడి గోతాలు, ఒక ట్రాలీ తలుపు. మా వైపు జరిగిన నష్టం ఏమిటో చివర్లో చెప్తాను. పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు.

నేను సైన్యంలో నాలుగేండ్లు ఉన్నాను. వచ్చేసినాక ఏ పెండ్లికి పోయినా ముందు వరసలో కూచోబెట్టి, "బార్డరు కథ ఒగటి చెప్పప్పా" అంటారు. బార్డరులో నేను బండ్లు లాగినాను. మంచులో కూరుకున్నవి, లోయ అంచుకు వాలినవి, డ్రైవరు కునుకు తీసినవి. నా పనే అది. రికవరీ అంటారు. ఆ కథ రెండు నిమిషాల్లో అయిపోతుంది, జనం భోజనాలకు లేచిపోతారు. చెప్పుకోదగ్గ డ్యూటీ ఒక్కటే. అది మా ఇంటి నుంచి బస్సులో అరగంట దూరంలో జరిగింది.

సైన్యంలో చేరింది గార్లదిన్నె నుంచి ఎంత దూరమైతే అంత దూరం పోదామని. సైన్యం నన్ను గార్లదిన్నెకే పంపింది.

వాయుగుండం పట్టి వారమైంది. సుబేదార్ సాబు మమ్మల్ని వరసలో నిలబెట్టి అడిగినారు.

"అనంతపురం ఎవరిది?"

చెయ్యెత్తినాను.

"వరద సహాయానికి పోవాలి."

"సాబ్, అక్కడ వరద రాదు. అక్కడ నీళ్ళే ఉండవు."

"ఇప్పుడు ఉన్నాయి. సామాను సర్దుకో."

పొద్దున ఆరున్నరకు గార్లదిన్నె దాటినాం. ఒక జీపు, రెండు లారీలు, చాలా వెనకగా రికవరీ బండి. వాన సన్నగా, తీరుబడిగా, మాకేం తొందర లేదన్నట్టు పడుతోంది. నేను పుట్టినప్పటి నుంచి చూసిన నేల అది. ఎర్రగా, ఎండిపోయి, రాళ్ళు పైకి తేలి ఉండేది. ఆ రోజు టమోటా చారు మాదిరి ఉండింది. వేరుశెనగ చేలల్లో మోకాటి లోతు నీళ్ళు. నీళ్ళ కోసం బోరు మీద బోరు వేసిన మనుషులు, ఆ నీళ్ళు గడప దాటి లోపలికి వస్తాంటే ఏమనాలో తెలియక అరుగుల మీద కూచుని చూస్తున్నారు.

ఊరి పేరు రాయను. మా మామ ఒప్పుకోలేదు.

మకాం బడిలో. చెరువు కింద కాలనీ వాళ్ళను ముందురోజే అక్కడికి చేర్చినారు. మా సరంజామా ఇది. తలా ఒక పార. తలా ఒక రెయిన్‌కోటు, వాన బయట కంటే లోపల ఎక్కువ పడేది. లారీలో ఒక ఇనుప రోపు, నాలుగు షాకిళ్ళు. షాకిల్ అంటే గుర్రపు లాడం మాదిరి ఇనుప కొలుకు, మూతికి అడ్డంగా లావుపాటి మరపిన్ను ఉంటుంది. వైర్‌లెస్ సెట్టు మోసే ఆపరేటరు మలయాళీ. ఆకాశం విరిగి పడినా, అన్నం ఉడికినా ఒకే గొంతుతో చెప్పే మనిషి.

పని ఏమిటంటే చెరువు కట్ట. ఆ చెరువు నిండగా నేను చూడటం అదే మొదలు. చిన్నప్పుడు దాని నడుమ క్రికెట్ ఆడినాం. పిచ్ బాగుండేది. ఇప్పుడు అలుగు పారుతోంది, కట్టకు తూము అవతల ఊట పట్టింది. కట్ట తెగితే కాలనీ మునుగుతుంది. మనుషులు బడిలో ఉన్నారు కాబట్టి బతుకుతారు. నీళ్ళు మాత్రం ఒక పూటలో పోతాయి. ఎన్నేండ్లకో వచ్చిన నీళ్ళు. కట్ట కింద పొలాలున్న వాళ్ళెవరూ ముందు రాత్రి నిద్రపోలేదని ముఖాలే చెప్తున్నాయి.

ఊట తేటగా వస్తున్నంతసేపు ఫరవాలేదు. రంగు మారిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. అందుకని ఆపరేటరును ఊట దగ్గర కూచోబెట్టి, ప్రతి పది నిమిషాలకు రంగు చెప్పమన్నారు సుబేదార్ సాబు.

"తేట, సాబ్," అంటాడు సెట్లో. "తేట, సాబ్." టీ గురించి చెప్తున్నట్టు.

ఊటకు ఇసక మూటలు, రాళ్ళు అడ్డం వేయాలి. కట్ట మీదికి ఎక్కే దారి ఒకటే, పక్కవాటుగా ఏటవాలుగా పోతుంది. ఆ దారి మధ్యలో ఒక ట్రాక్టరు, ట్రాలీ నిండా రాళ్ళతో, వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయి నిలబడింది. దాని వెనక మరో ఏడు ట్రాక్టర్లు లోడుతో కాచుకుని ఉన్నాయి. మొగోళ్ళు, ఆడోళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని పక్కనుంచి ఎక్కుతున్నారు. మూట చేరేలోపల సగం ఇసక కారిపోతోంది.

దిగబడిన ట్రాక్టరు పక్కన తలకు టవలు చుట్టుకుని నిలబడిన మనిషిని గుర్తుపట్టినాను. మా అమ్మ తమ్ముడు, ఓబులేసు మామ.

"ఏం మామా, పార్కింగ్ ఈడ పెట్టినావు?"

"వచ్చినావా అల్లుడా. మిలిట్రీ వస్తాండాదంటే ఎవరో వస్తారనుకుంటిమి. నువ్వా?"

సుబేదార్ సాబు సెట్లో ఆపరేటరును అడిగినారు. "రికవరీ బండి ఎక్కడుంది?"

"వంక అవతల సాబ్. వంక మీద నీళ్ళు పోతున్నాయి. తగ్గితే వస్తుంది."

"ఎప్పుడు తగ్గుతాయి?"

"నీళ్ళ దగ్గర సెట్టు లేదు సాబ్."

అంటే ట్రాక్టరును ట్రాక్టరే లాగాలి. చిన్నపరెడ్డన్నది ఊర్లో అన్నిటికంటే పెద్ద ట్రాక్టరు. మొదటి లోడు దించేసి కట్ట మీదే ఉండింది. "రోపు తెస్తాను, అంతవరకు ఎవరూ ఏమీ చేయొద్దు" అని చెప్పి లారీ దగ్గరికి పోయినాను. మా ఊర్లో 'ఏమీ చేయొద్దు' అంటే 'తొందరగా చేయండి' అని.

తిరిగొచ్చేసరికి ఏర్పాట్లు పూర్తయినాయి. మామ గొలుసుకు నిమ్మకాయ కట్టినారు. కర్పూరం ముట్టించబోయినారు, వానకు అంటుకోలేదు. చిన్నపరెడ్డన్న సీట్లో ఉన్నాడు. గొలుసు ఒక కొస ఆయన ట్రాక్టరు వెనక పైకొక్కేనికి, సీటుకు కాస్త కింద తగిలించినారు. కింద ఉండే లాగుడు పట్టీ బురదలో కనపడలేదంట. రెండో కొస మామ ట్రాక్టరు మూతికి. రెడ్డన్న ట్రాక్టరు బానెట్ మీద నలుగురు కూచున్నారు.

ఈ నలుగురి సంగతి చెప్పాలి. మా పక్క అది ఆచారం. బరువు లాగేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేస్తాయి. లేవకుండా మనుషుల్ని బానెట్ మీద కూచోబెడతారు. ఎండిపోయిన చీనీ, అంటే బత్తాయి, తోటల్లో మొద్దులు పీకేటప్పుడు చిన్నప్పుడు నేనూ కూచున్నాను. జాతర రంగులరాట్నం కంటే బాగుంటుంది, టికెట్ లేదు. ముందు చక్రాలు అసలెందుకు లేస్తున్నాయని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే కూచునే చోటు పోతుంది.

మామ గొలుసు మధ్యలో నిలబడినాడు. కుడికాలు గొలుసు మీద.

"ఏంది మామా ఆ కాలు?"

"గొలుసు బిగుస్తాండాదా లేదా అని. కాలికి తెలుస్తాది. ముప్పై ఏండ్ల నుంచి చూస్తాండా." అని, నేను నోరు తెరిచేలోపల చెయ్యి ఊపినాడు. "జర్కు కొట్టు రెడ్డీ!"

రెడ్డన్న జర్కు కొట్టినాడు. మామ ట్రాక్టరు కదల్లేదు. రెడ్డన్నది కదిలింది, పైకి. ముందు చక్రాలు మూరెడు లేచినాయి. బానెట్ మీది నలుగురు ఒకరి మీద ఒకరు జారి బురదలో పడినారు, ఎక్కిన వరసలోనే. రెడ్డన్న క్లచ్ తొక్కినాడు కాబట్టి చక్రాలు దభీమని దిగినాయి. ఇంకొక్క క్షణం తొక్కకుంటే ట్రాక్టరు వెనక్కి మలగబడేది. కింద రెడ్డన్న ఉండేవాడు.

జనం నవ్వినారు. పడిన నలుగురు కూడా నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు రాకపోవడం చూసి సుబేదార్ సాబు దగ్గరికి వచ్చినారు. నాలుగేండ్లలో అది మొదటిసారి.

"ఎంతసేపు కావాలి?"

"అరగంట సాబ్. ఈ మనుషులందరి నోరూ మూయించాలి."

"నోరు నా వల్ల కాదు. అరగంట ఇస్తాను."

ముందు రోపు చూసినాను. ఇనుప రోపును ఒట్టిచేత్తో తడమకూడదు, తెగిన తీగ ఒకటున్నా అరచేయి చీలుస్తుంది. టవలు చుట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగినాను. సగంలో టవలు పట్టుకుంది. విప్పి చూస్తే తీగలు తెగి ముళ్ళకంప మాదిరి లేచి ఉన్నాయి.

"పనికిరాదు సాబ్."

"అది ప్రభుత్వ ఆస్తి," అన్నారు సుబేదార్ సాబు, నొచ్చుకున్నట్టు.

"అవును సాబ్. తెగిన ప్రభుత్వ ఆస్తి."

ఇక గొలుసు. లంకె లంకె చూసినాను. గట్టిదే, ఒక్కచోట తప్ప. ఎప్పుడో తెగితే మామ నట్టు, బోల్టు వేసి కలిపినాడు. బోల్టు నడుము వంగిపోయి ఉంది.

"ఈ గొలుసుతో చీనీ మొద్దులు పీకినా," అన్నాడు మామ. "బోరు మోటారు ఇరుక్కుంటే పైకి లాగినా. దీనికేమి?"

"మొద్దులు నీ మాట వింటాయి మామా. ఇది రాళ్ళ ట్రాలీ." బోల్టు తీసేసి, ఆ చోట మా షాకిల్ వేసి పిన్ను బిగించినాను. ట్రాలీని ట్రాక్టరు నుంచి విడదీయించినాను. చక్రాల ముందు బురద తవ్వించి రాళ్ళు పరిపించినాను. రెడ్డన్న ట్రాక్టరు కింద బురద కడిగి లాగుడు పట్టీ బయటికి తీసి గొలుసు దానికి తగిలించినాను. కింద నుంచి లాగితే ముందు చక్రాలు నేల విడవవు. బానెట్ మీద ఇక ఎవరికీ ఉద్యోగం లేదు.

"తేట, సాబ్," అన్నాడు ఆపరేటరు.

తర్వాత నాలుగు గోతాలు తెప్పించి, తడిపి, గొలుసు మీద వరసగా కప్పినాను. రెడ్డన్న ఖాళీ ట్రాలీ వెనక తలుపు ఊడదీసి ఆయన సీటు వెనక నిలబెట్టి తాళ్ళతో కట్టించినాను.

మామకు అప్పటిదాకా కోపం. ఇప్పుడు జాలి.

"రేయ్ అల్లుడా, గవర్మెంటు నాలుగేండ్లు అన్నం పెట్టి గోతాలు కప్పేది నేర్పించినాదా నీకు? గొలుసుకు చలేస్తాదా?"

"వీపుకు తలుపు పెట్టినారు సరే," అన్నాడు చిన్నపరెడ్డన్న సీట్లోంచి, "గడియ యాడప్పా?"

జనం మళ్ళీ నవ్వినారు. నవ్వుతూ దగ్గరికి జరిగినారు. గొలుసుకు రెండు పక్కలా, తేరు లాగుతున్నట్టు, బారులు తీరినారు. అందరికీ దగ్గరనుంచి చూడాలి. వెనక్కి పొమ్మంటే ఒకడు, "మా ఊరి చెరువు, మేం చూసుకుంటాం" అన్నాడు. మామ మళ్ళీ గొలుసు దగ్గర తన చోట్లోకి పోయి కాలు చాపినాడు.

సెట్టు గరగరమంది.

"సాబ్. రంగు మారింది."

అదే గొంతు. అయినా ఈసారి ఎవరూ నవ్వలేదు. మలయాళీ యాసలో హిందీ ఊరంతటికీ అర్థమైపోయింది.

"లాగు రెడ్డీ, లాగు!" అని అరిచినారు అందరూ. నేను రెడ్డన్న ట్రాక్టరు తాళం చెవి తిప్పి తీసేసి జేబులో వేసుకున్నాను. తిట్లు మొదలైనాయి. మా నాయన దాకా వచ్చినాయి.

అప్పుడు మూట నెత్తిన పెట్టుకుని మా సుంకమ్మత్త వచ్చింది. మామ భార్య. ఆ చెరువు కింద వాళ్ళకు రెండెకరాలు. మూట దించి నా ఎదురుగా నిలబడింది.

"ఏమిరా శీనా. నీళ్ళు పోతాండాయి. తాళం ఇయ్యవా?"

"ఇస్తా అత్తా. వీళ్ళు పోవాల ముందు."

"గొలుసు తెగుతాదంటావా?"

"తెగుతాదో లేదో తెలీదు. తెగితే మాత్రం పక్కకు జరిగేంత టైము ఉండదు. ట్రైనింగులో మా ఉస్తాదు పాత రోపు ఒకటి కావాలని తెగ్గొట్టి చూపించినాడు. దారిలో ఖాళీ డ్రమ్ము పెట్టినాడు, ఇనుపది. చపాతీ మాదిరి మడతపడింది."

అత్త గొలుసును చూసింది. గొలుసు మీది కాలును చూసింది. ఆ తర్వాత జరిగిందాన్ని సైన్యంలో క్రౌడ్ కంట్రోల్ అంటారు. దానికి మేము లాఠీలు వాడతాం. అత్త వాడలేదు.

"రేయ్, ఒగొగడూ ఆ తుమ్మచెట్టు అవతలకి నడవండి! చూసేది ఆడనుంచి చూడండి, కండ్లు లేవా? ఎవడన్నా ఈ పక్క కనపడితే వాని కాలు నేనే తీసేస్తా, గొలుసుదాకా యాల!" మామ వైపు తిరిగింది. "ఏమయ్యో, నీకు ఏరే చెప్పల్లనా?"

"కాలికి తెలుస్తాదే..."

"ఆ కాలు నాకు గావల్ల. నువ్వు పోయి సీట్లో కూచో. స్టీరింగు పట్టుకో."

మామ కదిలినాడు. కుడికాలు చెప్పు బురదలో ఇరుక్కుపోయింది. వంగబోయినాడు.

"చెప్పు తర్వాత!"

చెప్పు వదిలేసి పోయి తన ట్రాక్టరు ఎక్కినాడు. జనం తుమ్మచెట్టు దాటినారు. గొలుసు పొడవుకు రెండింతల దూరం. రెడ్డన్నకు తాళం ఇచ్చి, నేను పక్కగా, ఆయనకు కనపడేట్టు, టవలు పట్టుకుని దూరంగా నిలబడినాను. సైగ చేసేది ఒక్కడే ఉండాలి. అరిచేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు, వినకూడదు. 

మొదటి గేరు, అన్నిటికంటే నెమ్మదైన లో. జర్కు లేదు. రెడ్డన్న అంగుళం అంగుళం ముందుకు పోయినాడు. గొలుసు నేల మీది నుంచి లేచింది, గోతాలతో సహా. బిగిసింది. మామ ట్రాక్టరు ఒకసారి ముక్కు కదిలించింది. వెనక చక్రాలు సగం పైకి వచ్చినాయి.

అప్పుడు ఠప్పుమంది.

గొలుసు తెగలేదు. షాకిల్ విడలేదు. మామ ట్రాక్టరు మూతికి వెల్డింగు చేయించిన కొక్కెం ఉంది చూడండి, అది ఊడింది. గొలుసును లంకె లంకె చూసిన మొనగాణ్ణి, ఆ కొక్కెం వైపు తల తిప్పలేదు. గొలుసు ఆ కొక్కేన్ని పట్టుకుని రెడ్డన్న వీపు మీదికి పోయింది. చూసినానని చెప్పను, ఏమీ కనపడలేదు. గోతాల బరువుకు అది మధ్యలోనే నేలకు వంగింది, బురదను దున్నుకుంటూ పోయి, తలుపుకు ఒక్కటి కొట్టి పడిపోయింది. గుడిగంట కొట్టినట్టు మోగింది.

చిన్నపరెడ్డన్న మెల్లగా వెనక్కి తిరిగినాడు. తలుపును చూసినాడు. సొట్టను వేలితో తడిమినాడు.

"గడియ లేకపోయినా ఫరవాలేదులేప్పా," అన్నాడు.

తుమ్మచెట్టు అవతల జనం ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగినారు.  ఈ ఘట్టాన్ని ఇంకా పొడిగించి రాయొచ్చు, కానీ ఊట రంగు మారి ఉంది. మళ్ళీ మొదలుపెట్టినాను. గొలుసును మళ్ళీ కొస నుంచి కొసకు చూసినాను, బాగుంది. ఈసారి మూతికి కాదు, ముందు ఇరుసును మోసే గట్టి చట్రానికి చుట్టినాను. అతుకులు, వెల్డింగులు లేని చోట. గోతాలు మళ్ళీ తడిపినాం. నీళ్ళు తెచ్చింది మామ, బిందెతో. ఎవరూ చెప్పలేదు. తెచ్చి పోసి, మళ్ళీ పోయి తన సీట్లో కూచున్నాడు.

లో ఫస్టు. గొలుసు లేచింది. బిగిసింది. ట్రాక్టరు బురదలోంచి చప్పరిస్తూ బయటికొచ్చి కట్ట ఎక్కింది. అంతే. ఏమీ జరగలేదు. జనానికి కొంచెం నిరాశ కలిగినట్టు కూడా అనిపించింది.

మామ ట్రాలీలో రాళ్ళు దించి దాన్ని జనమే పక్కకు నెట్టినారు, వెనక ఏడు ట్రాక్టర్లు ఒకటొకటిగా ఎక్కినాయి. మొదట ఇసక, దాని మీద కంకర, దాని మీద రాళ్ళు. మధ్యాహ్నం దాకా సుబేదార్ సాబు కూడా పార పట్టినారు. రెండున్నరకు సెట్టు గరగరమంది.

"తేట, సాబ్."

సాయంత్రం రికవరీ బండి వచ్చింది. దానికి టీ ఇచ్చినాం.

మూడోరోజు మమ్మల్ని వెనక్కి పిలిచినారు. లారీ కదిలేముందు మామ వచ్చినాడు. తబ్బిబ్బై వాటేసుకుంటాడేమో అని భయపడినాను. వంగిన పాత బోల్టు నా చేతిలో పెట్టి, "ఇదేం చేసేది?" అన్నాడు. పారేయమన్నాను. జేబులో వేసుకున్నాడు. మా మామ దేన్నీ పారేయడు.

ఇప్పుడు నేను అనంతపురంలో ట్రాక్టర్ల వర్క్‌షాపులో పనిచేస్తాను. వచ్చిన ప్రతి బండికి ముందు మూతికి వెల్డింగు కొక్కెం ఉందా అని చూస్తాను. ఉంటే కోసేస్తాను. ఓనర్లు తిడతారు. తిట్టనీ. ఆ చెరువు ఆ ఏడాది ఎండకాలం దాకా నీళ్ళు నిలబెట్టింది. అత్త రెండెకరాల్లో వరి పెట్టి, బియ్యం మా అమ్మకు పంపింది.

నా తల్లోంచి పోనిది ఒకటుంది. లాగడం అయిపోయినాక గొలుసు చుట్టబెడదామని దారి మధ్యకు పోయినాను. మామ నిలబడిన చోటు. ఆయన కుడికాలి హవాయి చెప్పు అక్కడే బురదలో, మడమ వైపు మాత్రం. నీలం పట్టీలతో ముందు సగం అంతకుముందు రెడ్డన్న ట్రాక్టరు నిలబడిన చోట పడి ఉంది. కత్తితో కోసినట్టు ఉండింది. మామ వచ్చి నా పక్కన నిలబడి, ఒట్టికాలితో, చాలాసేపు చూసినాడు. కాలి వేళ్ళు కదిలించి చూసుకున్నాడు, ఐదూ. మంచులో, లోయల్లో నేను చాలా చూసినాను. కండ్లు మూసుకుంటే కనపడేది ఆ వేళ్ళే.

మొన్న మామ ఇంటికి పోతే ఎడమకాలి చెప్పు ట్రాక్టరు టూల్‌బాక్సులో, ఆ బోల్టు పక్కన కనపడింది. గుర్తుగా పెట్టుకున్నాడేమో అనుకుని, గొంతు సవరించుకుని అత్తను అడిగినాను.

"గుర్తు లేదు, ఏం లేదు. కొత్త జతలో ఎడమది తెగితే వేసుకుంటాడంట," అంది అత్త. "రెండూ తొమ్మిదో నెంబరే."